గుడ్డ కప్పిన దుకాణం

మా మామయ్య షాపు వెబ్‌సైటు సెర్చ్ ఫలితాల మొదటి పేజీలో కనిపించిన క్షణానికి నేను మేడ మీద దుప్పటి ఆరేస్తున్నాను. ఒక కొస నా చేతిలో, ఇంకో కొస అత్తయ్య చేతిలో ఉన్నాయి. అయినా ఆగలేక, నా కొసను పళ్ళతో పట్టుకుని ఫోను తీశాను. రోజూ పొద్దున చేసినట్టే "పాత కుట్టుమిషన్ రిపేరు" అని కొట్టాను. నిన్నటిదాకా నాలుగో పేజీలో అడుగున ఉన్నాం. నాలుగో పేజీ అంటే పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతి లాంటిది. అక్కడిదాకా ఎవరూ ఆగరు.

ఇవాళ మొదటి పేజీ. మూడో వరుస. మామయ్య షాపు పేరు, కింద నేను రాసిన వాక్యం, పక్కన నొక్కితే మోగే ఫోన్ నంబరు.

దుప్పటి నా వైపు కింద పడిపోయింది.

"ఒరేయ్! వచ్చిందిరా! పైకి రా, తొందరగా రా!" అని మెట్ల వైపు అరిచాను.

మా ఆయన నోటినిండా పేస్టు నురగతో, బ్రష్షు చేత్తో పట్టుకుని రెండేసి మెట్లెక్కుతూ వచ్చాడు. అత్తయ్య మాత్రం తన కొసను వదలకుండా నా వైపే చూస్తూ నిలబడింది.

"ఒరేయా?" అంది.

నాకు అప్పుడు తెలిసివచ్చింది. మేమిద్దరం కాలేజీలో ఒకే బ్యాచ్. నాలుగేళ్ళు ఒరేయ్, ఒసేయ్ అని పిలుచుకున్నవాళ్ళం పెళ్ళి కాగానే ఒక ఒప్పందానికొచ్చాం. గదిలో నువ్వు, హాల్లో మీరు. పెళ్ళయి నలభై ఒక్క రోజులైంది. నలభై రోజులు ఆ ఒప్పందాన్ని నిండుకుండలా మోసుకొచ్చి సరిగ్గా మేడ మీద బద్దలు కొట్టాను.

"అది కాదత్తయ్యా... ఆయన్ని... వారిని..."

"చాల్లే. మీ గది తలుపు పలచన. మొదటిరోజే విన్నాను," అంది అత్తయ్య, దుప్పటి దులుపుతూ. "ఇంతకీ ఎన్నో పేజీ?"

"ఒకటి!"

దుప్పటి మళ్ళీ కింద పడింది. ఈసారి అత్తయ్య చేతిలోంచి.

మా ముగ్గురికీ ఆ పూట అంత తొందర ఎందుకంటే, సాయంత్రం ఐదింటికి మామయ్య ఒక ఫోన్ చేయాలి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోన్ చేసి, సోమవారం నుంచి స్టోర్ కీపరుగా వస్తున్నానని చెప్పాలి. ఆ మాట చెప్పారంటే ముప్పై నాలుగేళ్ళ షాపుకు షట్టరు పడిపోయినట్టే. ఇంట్లో తిండికేమీ లోటు లేదు, మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మామయ్యకు కావలసింది పని. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే ఆయన టీ కప్పు పట్టుకోవడం కూడా మరిచిపోతారు.

ఆ షాపును నేను మొదటిసారి చూసింది పెళ్ళయిన మూడో రోజున. రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండు వైపులా గోడలకు చక్రాలు, తోలు బెల్టులు, సూది డబ్బాలు వేలాడుతుంటాయి. నూటెనిమిది సొరుగుల బీరువా ఒకటుంది. ఏ సొరుగులో ఏముందో మామయ్యకు కళ్ళు మూసుకున్నా తెలుసు, కళ్ళు తెరిచినా ఇంకెవరికీ తెలియదు. లోపల మిషన్ నూనె వాసన. నాకా వాసన ఎంత నచ్చిందంటే, మా ఆయన చొక్కాలకు ఉన్నది ఇదే వాసనని అప్పుడే కనిపెట్టి లోలోపల మురిసిపోయాను.

బల్లమీద గళ్ళ గుడ్డ కప్పి ఒక మిషన్ ఉంది. కొత్తకోడలి ఉత్సాహం కదా, గుడ్డ కొస పైకెత్తాను.

"వద్దమ్మా!"

పెళ్ళిపందిట్లో కూడా గొంతు పెంచని మనిషి అరిచేసరికి నా చేయి గాల్లోనే ఆగిపోయింది. మామయ్యే నొచ్చుకుని, గుడ్డను సర్ది, మెల్లగా చెప్పారు. "పని పూర్తవలేదమ్మా. సగం పని చూసినవాళ్ళకి సగం నమ్మకమే ఉంటుంది. మిషన్ విప్పి పరిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పూర్తయ్యాకే గుడ్డ తీస్తాను. అదొక అలవాటు."

బయటికొచ్చాక మా ఆయన చెవిలో ఊదాడు. "నాన్న మా అమ్మ మిషన్ బాగుచేసినప్పుడు కూడా తొమ్మిది రోజులు చూడనివ్వలేదు. అమ్మ అలిగి చేత్తోనే కుట్టుకుంది. ఈ ఇంట్లో పూర్తికాని పని ఎవరూ చూడకూడదు. పుట్టాక నేను నడిచేదాకా నన్ను కూడా గుడ్డ కిందే ఉంచారేమో."

ఈ అలవాటే మా కొంప ముంచిందని తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

పెళ్ళయిన పన్నెండో రోజు, అందరం టీ తాగుతుండగా, మామయ్య ఫ్యాక్టరీ సంగతి చెప్పారు. బాధగా చెప్పి ఉంటే నయం. వాన వెలిసింది అన్నంత మామూలుగా చెప్పారు.

"లోకం కుట్టడం మానేసిందమ్మా. చిరిగితే పారేయడం, కొత్తది కొనడం. తప్పని నేననడం లేదు. పాత గిరాకీలే అప్పుడప్పుడూ వస్తారు, కొత్తమొహం చూసి ఎన్నాళ్ళయిందో. మూడేళ్ళ కిందట వీడు వెబ్‌సైటు కూడా పెట్టాడు. దాన్ని చూసి వచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. మూడేళ్ళు లోకాన్ని అడిగి చూశాం. అక్కర్లేదంది. ఇంకా తలుపు దగ్గర నిలబడితే ఏం మర్యాద?"

నేను కప్పు కింద పెట్టేశాను. ఎందుకంటే నా ఉద్యోగమే అది. ఎవరి వెబ్‌సైటైనా సెర్చ్‌లో ఎందుకు కనబడటం లేదో వెతికిపెట్టడం. దాన్నే ఆడిట్ అంటాం.

"ఆడిట్టంటే లెక్కలా?" అంది అత్తయ్య.

"లెక్కలు కాదత్తయ్యా. డాక్టరు నాడి పట్టుకున్నట్టు సైటు నాడి పట్టుకోవడం. ఎక్కడ జ్వరం, ఎక్కడ వాపు అని చూడ్డం."

"మరి పట్టుకో. కోడలు డాక్టరై ఉండి మామగారి షాపు జబ్బుతో పోతే నలుగురూ నవ్వుతారు."

మామయ్య నవ్వి, "నెలాఖరు శనివారం దాకా చూడమ్మా. ఆ సాయంత్రం ఐదింటికి వాళ్ళకి జవాబు చెప్తానన్నాను. ఆలోగా ఒక్క కొత్త మనిషి ఫోన్ చేసినా సరే, నేను మాట వెనక్కి తీసుకుంటా," అన్నారు. ఆయన ఆ మాట నన్ను సంతోషపెట్టడానికే అన్నారు. నేను మాత్రం దాన్ని చీర కొంగుకు ముడేసుకున్నాను.

ఆ సైటును తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండు పేజీలుంటే పదకొండింటికీ ఒకటే శీర్షిక, "హోమ్". ఊరందరికీ ఒకే పేరు పెట్టినట్టు. రెండువందల పన్నెండు ఫోటోలు, ఒక్కోటీ ఎంత పెద్దదంటే అది తెరుచుకునేలోపు చొక్కాకు నాలుగు గుండీలు కుట్టుకోవచ్చు. ఫోన్ నంబరును బోర్డు ఫోటోలో పెట్టాడు మా ఆయన. వేలితో నొక్కితే బోర్డు పెద్దదవుతుందే తప్ప ఫోన్ మోగదు.

"నువ్వు ఇంజినీరువేనా?" అన్నాను, గదిలోనే.

"నేను వంతెనల ఇంజినీర్ని. నా వంతెన మీద లారీలు పోతాయి, వెళ్ళి చూసుకో," అన్నాడు రోషంగా. వాడి రోషం కూడా ముద్దొచ్చే రోజులవి, ఏం చేయను.

అన్నిటికన్నా పెద్ద లోపం ఆ ఫోటోలకు మాటల్లేకపోవడం. సెర్చ్ ఇంజిన్ చదివేది ముఖ్యంగా అక్షరాలనే. పక్కన ఒక్క మాటా లేకపోతే అది విరిగిన చక్రమో, విరగని చక్రమో దానికి సరిగ్గా పట్టదు. అందుకని రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా షాపుకు వెళ్ళి, లాప్‌టాప్ తెరిచి, మామయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కో ఫోటో చూపిస్తాను. ఆయన ఒక్క ముక్క చెప్తారు. నేను దాన్ని ఫోటో కింద రాస్తాను.

"ఇదేంటి మామయ్యా?"

"ఇదా? నూనె బదులు కొబ్బరినూనె పోశారు. గడ్డకట్టి చక్రం కదల్లేదు."

"ఇది?"

"బట్ట కింద దారం గూడు కడుతోందని తెచ్చారు. మిషన్‌కి ఏ రోగమూ లేదు. పైదారం సరిగ్గా ఎక్కించలేదంతే."

"ఇది చాలా అందంగా ఉంది!"

"అది అత్తయ్య మిషన్. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు."

ఈ చివరిది కూడా రాసేశాను. ఇప్పటికీ ఉంది, చూసుకోవచ్చు.

నేను ఆడిట్ చేసిన సైట్లు వందకు పైనే ఉంటాయి, కానీ ఏ సైటుకూ పక్కన కూర్చుని కథలు చెప్పే యజమాని దొరకలేదు. ఒక్కో మిషన్ గురించి చెప్తున్నప్పుడు మామయ్య చేతులు గాల్లోనే స్క్రూలు తిప్పేవి. రెండువందల పన్నెండు ఫోటోలు పూర్తయ్యేసరికి పది రోజులు పట్టింది. శీర్షికలు మార్చాను, ఫోటోల బరువు తగ్గించాను, నంబరును నొక్కితే మోగేలా పెట్టాను. పెట్టి, ధీమాగా షాపు పేరు పూర్తిగా కొట్టి వెతికాను.

ఏమీ లేదు. పదో పేజీలో లేదు, ఇరవయ్యో పేజీలో లేదు. పేరు పెట్టి పిలిచినా పలకనివాడికి ఎక్కడో ఏదో అయి ఉండాలి.

అప్పుడు వెలిగింది నాకు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి గంటలో నేనే చెప్పే పాఠం ఒకటుంది. ముందు తలుపు తీసి ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ఇంట్లో దుమ్ము దులపండి అని. పెళ్ళి సంబరంలో ఆ పాఠం నేనే మరిచిపోయాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పదిరోజులు దుమ్ము దులిపాను. సైటు సెట్టింగులు తెరిచాను. అడుగున ఒక వాక్యం ఉంది. సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును చూపించవద్దు. దాని పక్కన చిన్న గడి. గడిలో నువ్వుగింజంత టిక్కు.

మా ఆయన్ని పిలిచి చూపించాను.

"ఇది ఎవరు పెట్టారు?"

వాడు వంగి ఆ గింజవైపు చూశాడు. "నేనే. సైటు మొదలుపెట్టినప్పుడు నాన్న అన్నాడు, పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకురా అని. అలాంటి గడి ఉందని తెలిసి పెట్టేశాను."

"మరి పూర్తయ్యాక తీసేయాలిగా?"

"పూర్తవలేదు." మంచం మీద కూలబడ్డాడు. "నెలకోసారి ఇంకో ఫోటో పెట్టరా, ఆ చక్రం బొమ్మ బాలేదు మార్చరా అనేవాడు. పూర్తయిందని ఆయన ఎప్పుడూ అనలేదు. నేను... మరిచేపోయాను."

అంటే మూడేళ్ళుగా ఆ సైటు మీద గళ్ళ గుడ్డ కప్పే ఉందన్నమాట. లోకం అక్కర్లేదనలేదు. లోకానికసలు చూపించనే లేదు.

టిక్కు తీసేశాం. వచ్చి చూసుకొమ్మని సెర్చ్ ఇంజిన్‌కు కబురు పంపాం. మామయ్యకు ఎప్పుడు చెప్పాలా అని నేను తటపటాయిస్తున్నాను. మొదటి పేజీలోకి వచ్చాక చెబితే తిట్లు తగ్గుతాయి కదా అని నా తెలివి. మా ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఆయన తన పనే లోకానికి అక్కర్లేదనుకుంటున్నాడు. ఇంకొక్క గంట కూడా అలా అనుకోనివ్వను," అని నేరుగా హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో వాడి వీపు చూసి నేను రెండోసారి పెళ్ళి చేసుకున్నంత పనయింది.

చెప్పాడు. మొత్తం, ఏదీ దాచకుండా. నేను కూడా పదిరోజుల నా తెలివితక్కువతనం చేర్చాను.

ముందు మాట్లాడింది అత్తయ్య. "ఆగండి, నాకర్థమైంది చెప్తాను. తండ్రీకొడుకులిద్దరూ కలిసి షట్టరు దించుకుని, లోపల కూర్చుని, గిరాకీ రావడం లేదని మూడేళ్ళు దిగులుపడ్డారు. అంతేనా?"

"అంతే అమ్మా."

"ఊరికే అడిగాను. కోడలి ముందు పరువు ఇంకేమైనా మిగిలిందేమోనని."

మామయ్య నవ్వలేదు, కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "గుడ్డ కప్పమంది నేను. కప్పింది వాడు. ఇద్దరం సమానమే," అన్నారు. "ఇప్పుడు తీశారు కదా. గుడ్డ వల్ల రాలేదో, అవసరం లేక రాలేదో తేలిపోతుంది. నెలాఖరు శనివారం దాకా ఉంది," అన్నారు. గడువు గడువే.

ఇక ఆ రోజు నుంచి మేడ మీద బట్టలారేసే వేళకు నేను సెర్చ్ చేయడం, అత్తయ్యకు చెప్పడం అలవాటైంది. పదమూడో పేజీ. తొమ్మిది. ఏడు. అత్తయ్య వంటింటి క్యాలెండరులో పాలవాడి టిక్కుల పక్కన మా పేజీ నంబరు కూడా రాసుకునేది. ఏడు నుంచి ఎనిమిదికి జారిన రోజున నాతోపాటు ఆవిడ కూడా కాఫీ తాగలేదు. నాలుగు దగ్గర ఆగింది. నాలుగే, నాలుగే, నాలుగే. ఇవాళ శనివారం. ఒకటి.

మేం ముగ్గురం షాపుకు చేరేసరికి మామయ్య ఇనుప ట్రంకులో పనిముట్లు సర్దుతున్నారు. ఒక్కో స్క్రూడ్రైవరును పాత పేపర్లో చుట్టి, నిద్రపోతున్న పిల్లల్లా వరసగా పడుకోబెడుతున్నారు. అది చూసేసరికి నా ఉత్సాహం చల్లారింది. అయినా ఫోను ముందుకు చాపాను.

"మొదటి పేజీ మామయ్యా! మూడో వరుస!"

కళ్ళజోడు పైకి జరిపి చూశారు. "మూడోదా? మన పైన ఇద్దరెవరు?"

"మొదటిది కొత్త మిషన్లు అమ్మే కంపెనీ. రెండోది ఒక వ్యాసం. పాత మిషన్ బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోండి అని."

"అంటే పై ఇద్దరూ కలిసి నన్ను ఫ్యాక్టరీకి దారి పట్టమంటున్నారు," అని ఇంకో స్క్రూడ్రైవరు చుట్టారు. కానీ ఫోనును నాకు తిరిగివ్వకుండా ఆ పేజీ వైపు ఇంకోసారి చూశారు. నేను గమనించాను.

షాపు ఫోనును బల్ల మధ్యలో పెట్టి నలుగురం చుట్టూ కూర్చున్నాం. పదకొండింటికి మోగింది. మా ఆయన ఎగిరి అందుకున్నాడు. ఎవరో బీమా పాలసీ తీసుకోమంటున్నారు. పన్నెండింటికి మళ్ళీ మోగింది. ఫ్యాక్టరీ మేనేజరు. సోమవారం ఎనిమిదింటికి రాగలరా అని. "ఐదింటికి చెప్తానండీ," అన్నారు మామయ్య. పెట్టేశాక, "మర్యాదస్తుడు పాపం," అన్నారు. అత్తయ్య ఆయన వైపు చూసిన చూపుకు మేనేజరు అక్కడ ఉంటే పొలమారేది.

పన్నెండున్నర దాటాక ఇంకోసారి మోగింది. మామయ్య తీశారు. మా ఆయన పక్కనుంచి స్పీకరు నొక్కాడు.

"హలో, మిషన్లు బాగుచేసేది మీరేనాండీ?" ఆడగొంతు, కంగారుగా ఉంది. "బట్ట కింద దారం గూడు కట్టేస్తోంది. వెతికితే మీ ఫోటో కనబడింది. కింద అచ్చం అదే రాసి ఉంది."

నేను రాసిందే! పది వృథా రోజుల్లో నాలుగో రోజు రాసింది! పక్కనున్న మా ఆయన మోకాలు గట్టిగా గిల్లాను.

మామయ్య గొంతు మారిపోయింది. డాక్టరు రోగి మంచం పక్కన కూర్చున్నప్పటి గొంతు అది. "కంగారుపడకండమ్మా. దారం ఎక్కించేటప్పుడు బట్టను నొక్కే పాదం పైకెత్తారా, దింపే ఉంచారా?"

"దింపే ఉంచానండీ."

"అదీ సంగతి. పాదం దింపి ఉంటే పైన దారం పట్టుకునే బిళ్ళలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకి వెళ్ళదు. పైకెత్తి, మొత్తం తీసేసి, మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. నేను ఆగుతాను."

ఆగారు. మేమూ ఆగాం. అవతలి నుంచి చప్పుడు మొదలైంది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా, టకటకటకమంటూ. మామయ్య కళ్ళు మూసుకుని విన్నారు, కచేరీలో ముందు వరుసలో కూర్చున్నట్టు.

"వచ్చేసిందండీ! కుట్టు సరిగ్గా వస్తోంది!"

"వినబడుతోందమ్మా. కొంచెం నూనె అడుగుతోంది. ఏం కుడుతున్నారు?"

"మా మనవరాలికి గౌనండీ. మిషన్ మా అమ్మది. యాభై రెండేళ్ళొచ్చాయి నాకు, ఇదే మొదటిసారి కుట్టడం. చాలా థాంక్సండీ!"

ఫోన్ పెట్టేసింది.

మొదట తేరుకున్నది మా ఆయన. "నాన్నా! షాపుకి తీసుకురమ్మనాలి గానీ! మూడేళ్ళకి వచ్చిన ఒకే ఒక్క గిరాకీని ఫోన్లోనే బాగుచేసి పంపించేశావు!"

"పాదం పైకెత్తడానికి షాపుకెందుకురా?"

"మీరైనా చెప్పండత్తయ్యా," అన్నాను ఏడుపు గొంతుతో.

అత్తయ్య నా వైపు తిరగలేదు. మామయ్యనే చూస్తోంది. ఆయన ట్రంకు ముందు నిలబడి, చుట్టిన స్క్రూడ్రైవరు ఒకటి చేతిలోకి తీసుకుని, దానిమీది పేపరు మెల్లగా విప్పుతున్నారు.

"మొదటిసారి కుడుతోందట," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "యాభై రెండేళ్ళకి. అమ్మ మిషన్ మీద. లోకం మానేయలేదు. ఇప్పుడిప్పుడే మొదలెడుతోంది."

రెండో స్క్రూడ్రైవరు విప్పారు. మూడోది. ఏ కచేరీలోనూ వినని రాగమేదో కూనిరాగం తీయడం మొదలుపెట్టారు. "ఈ మనిషి పాట పాడి పదేళ్ళయింది," అంది అత్తయ్య నాతో, మెల్లగా. "అప్పుడు కూడా ఇంతే ఘోరంగా పాడాడు."

పావుగంట తర్వాత మళ్ళీ ఫోన్. మళ్ళీ ఆవిడే.

"ఏమండీ, నూనె అడుగుతోందన్నారు కదా. నేను పోస్తే ఎక్కడో పోసేస్తాను. మీ దగ్గరికే తెస్తాను. మా పక్కింటావిడ మిషన్ కూడా ఆరేళ్ళుగా బిగుసుకుపోయి పడుంది, అదీ తేవచ్చా? రేపైతే మా అబ్బాయికి సెలవు, కారులో పెడతాడు. రేపు ఆదివారం, తెరిచి ఉంటుందా?"

ముప్పై నాలుగేళ్ళలో ఆదివారం తెరవని షాపు అది. మామయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తెరిచే ఉంటుందమ్మా. తీసుకురండి."

ఆ తర్వాత ఆయన ఐదింటిదాకా ఆగలేదు. ఒంటిగంటకే ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. మేం స్పీకరు నొక్కకపోయినా మేనేజరు గొంతు పెద్దది కాబట్టి అంతా వినబడింది.

"క్షమించండి, నేను రాలేనండీ. పని తగిలింది."

"ఏం పనండీ?"

"రేపొకావిడ మిషన్ తెస్తోంది."

"ఒక్క మిషనా?"

"కాదు కాదు," అన్నారు మామయ్య గర్వంగా. "రెండు."

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన వెళ్ళి ట్రంకును లాగి సొరుగుల బీరువా పక్కకు జరిపాడు. నేను కూడా పేపర్లు విప్పుతూ కూర్చున్నాను. పాత పేపర్లలో వంటల చిట్కాలు, గళ్ళ నుడికట్లు, వాతావరణం. ఒకదానిలో "నేడు ఆకాశం నిర్మలం" అని ఉంటే చింపి దాచుకున్నాను. ఇలాంటివి దాచుకునే పిచ్చి నాకు ఈ మధ్యనే మొదలైంది.

పనిముట్లన్నీ గోడకెక్కాక మామయ్య చేతులు తుడుచుకుని మా వైపు తిరిగారు. "అమ్మాయ్, నీ ఆడిట్టులో ఇంకేమైనా మిగిలిందా?"

మిగిలింది. ముఖ్యమైనదే మిగిలింది. జనం వెతికే ప్రశ్నలకు సైటులో జవాబులు లేవు. మిషన్ జబ్బులన్నిటికీ ఒక్కో పేజీ రాద్దామని నేను ముందే అడిగాను. చెప్పడం పూర్తిగా కుదరనప్పుడు అసలు చెప్పకూడదని ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు భయపడుతూనే ఆ సంగతి గుర్తుచేశాను.

"ఒక్కసారే అన్నీ రాయాలా?"

"అక్కర్లేదు మామయ్యా. రోజుకొకటి చాలు. సైటు ఎప్పటికీ పూర్తవదు. పెరుగుతూ ఉంటుంది."

"పూర్తికాకుండానే జనం చూస్తారు?"

"చూస్తారు."

ఆయన బల్లమీది గళ్ళ గుడ్డ వైపు చూశారు. రెండడుగులు వేసి దాన్ని లాగేశారు. కింద సగం విప్పిన మిషన్, దాని పళ్ళచక్రాలూ స్ప్రింగులూ బయటపెట్టుకుని, స్నానం మధ్యలో తలుపు తీసినట్టు సిగ్గుపడుతూ కనబడింది. నలభై ఒక్క రోజులకు నాకు దాని దర్శనమైంది.

"సరే, వినండి," అన్నారు మామయ్య. "రేపు ఎనిమిదింటికి అందరూ ఇక్కడుండాలి. ఆవిడొచ్చేలోపు మొదటి జబ్బు చెప్పేస్తాను, దారం గూడు. అమ్మాయి రాస్తుంది. వీడు ఫోటోలు తీస్తాడు, విప్పిన మిషన్‌వే తీస్తాడు. నంబరు మాత్రం బోర్డు మీద పెట్టకురోయ్."

"మరి నేనేం చేయాలి?" అంది అత్తయ్య.

"నువ్వు ఊరికే కూర్చుని చూడు. ముప్పై ఏళ్ళుగా చూడనివ్వలేదని దెప్పుతావుగా."

"ఊరికే కూర్చోవడం నావల్ల కాదు," అని అత్తయ్య లేచింది. బల్లమీది గుడ్డను, మూలనున్న మిగతా మిషన్ల మీది గుడ్డలను ఒక్కొక్కటే లాగి, మూటకట్టి చంకన పెట్టుకుంది. "రేపు పొద్దున్నే వీటన్నిటినీ నానబెట్టి ఉతికేస్తాను. ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఎన్ని రోజులో నేనిప్పుడే చెప్పను."